ములికికి వాదర

మిచిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా రాష్ట్రములలో మేపుల్ ఆకులు ఎరుపెక్కు దినములందు, విల్లువేట ఋతువు ఆరంభమగు వేళకు, పెక్కు ఇండ్ల నేలమాళిగలలోను, కార్లు నిలుపు కొట్టములలోను, రాత్రి భోజనము ముగిసిన పిమ్మట ఉక్కును ఉక్కుతో రాచు సన్నని ధ్వని యొకటి వినవచ్చును. అది వడ్రంగి పని కాదు. వంటింటి కత్తుల పనియు కాదు. కప్పీలు, తీగలు, గురిగాజులు ఏమియు లేని వట్టి కర్రవిల్లుతో జింకను వేటాడ నిశ్చయించుకొన్న మనుష్యుడు, తన అమ్ముల కొనలందు నిలుపబోవు వెడల్పాటి ఉక్కుములికికి, అక్కడివారు బ్రాడ్‌హెడ్ అని పిలుచుదానికి, తన చేతులతో తానే పదును పెట్టుకొనుచున్నాడు. అంగడిలో పదును పెట్టిన రేకులు దొరకవా యన్న, దొరకును. మొద్దుపడినంతనే వానిని ఊడదీసి పారవైచి క్రొత్తవి బిగించుకొను ఏర్పాటును కలదు. అయినను ఇతడు ఆకురాయి చేతబట్టి కూర్చుండెను. ఇది పాతకాలపు వేషము వేయు సరదా యని తలచువారు కలరు. కొందరి విషయమున అది నిజమే. తక్కినవారి విషయమున దీనికొక లెక్క యున్నది.

50 పౌనుల లాగుడు గల సంప్రదాయపు విల్లునుండి వెడలు 32 గ్రాముల అమ్ము సెకనునకు సుమారు 53 మీటర్ల వేగముతో పోవును. అప్పుడు దానియందుండు గతిశక్తి 45 జౌళ్ళు. అదే అడవిలో అదే జింకపై ప్రయోగింపబడు 30-06 తరగతి తుపాకి గుండు, గొట్టము వీడునప్పుడు సుమారు 3,800 జౌళ్ళను మోసికొనిపోవును. ఎనుబది రెట్లకు మించిన యంతరము! గుండు మాంసమును చీల్చి, ఎముకను పిండిచేసి, తాను తగిలిన చోటికి ఎడముగా నున్న కణజాలమును గూడ అదరగొట్టి చంపును. అమ్మునకు అట్టి శక్తి లేదు. అది కోయును, కోయుటకు మించి ఏమియు చేయజాలదు. ఆ కోతలో లోపమున్న యెడల విల్లు లాగుడును, విలుకాని గురియు, అమ్ము బరువును కలిసి గూడ దానిని పూడ్పలేవు.

కోత యనునది ఒకే తీరున జరుగు క్రియ కాదు. రక్తనాళములు సాగు గుణము గలవి; మొద్దు అంచు ఎదురైనచో అవి ఒరిగి పక్కకు జారిపోవును, జారుటకు చోటు లేనిచో నలిగి చినుగును. అట్లు నలిగిన కణజాలమునుండి నెత్తురును గడ్డకట్టించు పదార్థములు వెలువడి, శరీరము తన గాయమును తానే మూసికొన యత్నించును. నిజమైన వాదర తాకినప్పుడు నాళము జారుటకు వ్యవధి చిక్కదు. నలుగుడు స్వల్పము గనుక గడ్డకట్టుట ఆలసించును. రక్తపీడనము వేగముగా పడిపోయి, మెదడునకు నెత్తురందక జంతువు స్పృహ తప్పును. ఊపిరితిత్తులగుండా మంచి ములికి దూసిపోయిన జింక, తనకేమైనదో యెరుగక నాలుగడుగులు నడచి నిలిచి, చెవులు రిక్కించి చుట్టును చూచి, అంతలోనే కూలబడిన సందర్భములను విలుకాండ్రు చెప్పుకొనుట కద్దు. మొద్దు ములికి తగిలినది గాయముతో దూరము పోయి, వెదకినవారికి దొరకక, ఏ పొదలోనో దినముల తరబడి బాధపడును. ఈ రెండు గతులలో ఏది ఆ జంతువునకు పట్టునో చాలవరకు నేలమాళిగలోని బల్లవద్దనే తేలిపోవుచున్నది.

అమెరికాలో విల్లుతో జింకవేటకు ప్రత్యేకముగా ఋతువు నేర్పరచుటకు 1934లో విస్కాన్సిన్ రాష్ట్రము పూనుకొని, సాక్, కొలంబియా అను రెండు కౌంటీలలో దానిని ఆరంభించెను. అడవుల సంరక్షణను గూర్చి లోకమునకు చింతన నేర్పిన ఆల్డో లియోపోల్డ్ నివసించిన రాష్ట్రమది. ఆయన తన విండ్లను తానే చెక్కుకొను విలుకాడు గూడ. ఆ రాష్ట్రపు నిబంధనలు ములికి వెడల్పు అంగుళములో ఎనిమిదింట ఏడు పాళ్ళకు, అనగా సుమారు 22 మిల్లీమీటర్లకు, తగ్గరాదనియు, దాని రేకులు చక్కగా పదును పెట్టబడి యుండవలెననియు విధించుచున్నవి. వెడల్పునకు కొలబద్ద యున్నది. చక్కగా అను మాటకు చట్టము కొలత నియమింపలేదు. ఆ ఖాళీని పూరించుకొనుటలోనే ఈ విద్య యంతయు పెరిగినదని నాకు తోచును.

ఈ విద్యకు ఆధునిక కాలమున ఒక శస్త్రవైద్యుడు ఆద్యుడగుట విశేషము. 1911 ఆగస్టులో ఉత్తర కాలిఫోర్నియాలోని ఓరోవిల్ పట్టణపు అంచున, పశువధశాల దాపున, ఆకలితో కృశించిన మనుష్యు డొకడు జనుల కంటబడెను. యాహి జాతివారిలో అతడొక్కడే మిగిలియుండెను. తక్కినవారిని తెల్లవారి దాడులును, రోగములును, ఆకలియు కబళించినవి. మానవశాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ అతనిని శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలకు కొనిపోగా, ఇషి అని అక్కడ పెట్టిన పేరే అతనికి నిలిచెను. చేరువనున్న వైద్యకళాశాలలోని శస్త్రవైద్యుడు శాక్స్‌టన్ పోప్ అతనికి వైద్యుడుగా వచ్చి, మిత్రుడై, తుదకు శిష్యుడాయెను. ఇషి అగ్నిపర్వతపు నల్లగాజును, అది లేనప్పుడు సీసాపెంకును, తోలు పరచిన అరచేతిలో నుంచుకొని, దుప్పికొమ్ము మొనతో అంచుపై నొక్కి నొక్కి పెచ్చులు రాల్చి ములికిని మలచెడివాడు. అతని ములికికి నూరుట యనునది లేదు. అంచు మొద్దుపడినచో మరల పెచ్చులు రాల్చి క్రొత్త అంచును తీయుటయే. ఆ గాజు అంచు ఎంత సన్ననిదనగా, పోప్ తరువాత దానిని ఉక్కుములికితో పోల్చి పరీక్షింపగా గాజుదే లోతుగా దిగినది. 1916 మార్చిలో ఇషి క్షయవ్యాధితో మరణించెను. పోప్ 1920లో ఆర్థర్ యంగుతో కూడి, కాలిఫోర్నియా విజ్ఞానశాస్త్ర పరిషత్తు ప్రదర్శనశాల నిమిత్తము యెల్లోస్టోన్ అడవులలో గ్రిజ్లీ ఎలుగులను బాణములతోనే వేటాడి, 1923లో ‘హంటింగ్ విత్ ద బో అండ్ యారో’ అను గ్రంథమును వెలువరించెను. నెత్తురు ఏ నాళమునుండి ఎట్లు కారునో శస్త్రశాలలో చూచిన కన్నులే అమ్ముకొనను గూడ చూచినవి. కాబట్టి ఉక్కుకు పదును పెట్టుట ఆయనకు వేడుక కాలేదు.

ఆయనకు ముందు మారిస్, విల్ థాంప్సన్ సోదరులు లేకపోలేదు. అంతర్యుద్ధములో ఓడిన పక్షమున పోరాడినందున తుపాకి పట్టు వీలు లేక వారు ఫ్లోరిడా అడవులలో విల్లును ఆశ్రయించిరి; పెద్దవాని గ్రంథము 1878లో వెలువడినది. పోప్ తరువాత హోవర్డ్ హిల్ వచ్చెను. 1938 నాటి రాబిన్‌హుడ్ చలనచిత్రములో నిజముగా బాణములు వేసిన చేయి ఆయనదే. వెడల్పునకు మూడింతల పొడవుగల సన్నని ములికియే ఎముకను దాటి దూరునని ఆయన పట్టు. మిచిగన్‌లో విండ్ల కర్మాగారము నడపిన ఫ్రెడ్ బేర్ 1950ల నడుమ ప్రచారములోనికి తెచ్చిన ములికిలో, నూరిన పెద్దరేకునకు అడ్డముగా క్షురపురేకు వంటి పలుచని చిన్నరేకొకటి చొప్పింపబడియుండును. 1969లో మిసోరీవాడైన హోలెస్ విల్బర్ ఆలెన్ కప్పీల విల్లునకు పేటెంటు పొందిన పిమ్మట లోకము వేగమువైపు మొగ్గినది; అప్పటినుండియే తక్కిన కర్రవిండ్లకు సంప్రదాయపు విండ్లు అను పేరు అవసరమైనది.

ఇక పనిలోనికి వత్తము. అమ్ముకర్ర కొనను 5 డిగ్రీల వాలుతో కూచిగా చెక్కి, ములికి గొట్టములో దూర్చి, వేడికి కరగు జిగురుతో అతికింతురు. నూరుటకు ముందు అమ్మును గోటిపై నిలిపి గిరగిర త్రిప్పి, కొన వణకుచున్నదేమో చూతురు. వణకు ములికికి ఎంత వాదర పెట్టినను ఫలము లేదు. అది గాలిలో తన దారి తాను పట్టును. పిమ్మట దీపము క్రింద అంచును కంటికెదురుగా నిలుపుదురు. మొద్దుపడిన చోట వెలుగు తళుక్కుమనును. పదునైన చోట కాంతిని త్రిప్పికొట్టునంత వెడల్పు ఉండదు గనుక ఏమియు కనుపడదు. కనుపడకుండుటయే ఇచ్చట గుణము.

తరువాత వాలుతలమునకు మార్కర్ కలముతో నల్లసిరా పూయుదురు. ఆకురాయిని ఒకమారు నడపి చూచినచో, సిరా చెరిగిన చోటనే లోహము తెగినదని అర్థము. వాలు పైభాగమున, అంచునకు దూరముగా చెరిగినచో చేయి మిక్కిలి వాల్చబడినది. కొనయంచున మాత్రమే చెరిగినచో మిక్కిలి ఎత్తబడినది. రెండు వైపుల వాలు గల ములికికి ఒక్కొక్క ప్రక్క 20 మొదలు 25 డిగ్రీల వరకు కోణమును పాటింతురు. అంతకంటె సన్నము చేసినచో వాదర చూచుటకు భయంకరముగా నుండును గాని ప్రక్కటెముక తగిలినంతనే మడతపడును. ఆ కోణము మణికట్టునకు అలవాటగువరకు సిరాయే గురువు.

ఆకురాయి 8 లేక 10 అంగుళములది, ఒంటివరుస పళ్ళది కావలెను. అది ముందుకు త్రోయునప్పుడే కోయును; వెనుకకు లాగునప్పుడు గూడ ఆనించి రాచువాడు తన ఆకురాయి పళ్ళను తానే అరగదీసికొనుచున్నాడు. పళ్ళకు సుద్ద రాచినచో నడుమ ఉక్కుపొడి ఇరుకదు. ఇరికినచో ఆ పొడియే అంచుపై గాట్లు పెట్టును. రాక్‌వెల్ సి మానముపై 50 ప్రాంతమున నుండు ఉక్కును ఆకురాయి చక్కగా తినును. 60ని సమీపించు గట్టి ఉక్కుపై అది గాజుపై వలె జారిపోవును, అప్పుడు వజ్రపురేణువులు తాపిన పలకలే శరణ్యము. మిన్నెసోటాలో తయారగు జ్వికీ ములుకులవంటి పాతకాలపు రకములు కొన్ననాడు ఆకారము మాత్రమే కలిగియుండును. వాదర కొన్నవాని పూచీ.

ఈ పనిలో కీలకమంతయు అంచున లేచు ఒక పొరలో నున్నది. రెండు తలములు కలియు క్షణమున, రాయి నడచుచున్న వైపునకు అవతల, కంటికి కనబడీ కనబడని ఉక్కుపొర లేచి ఒరగును. బొటనవ్రేలి కొనను అంచు పొడవునగాక, అడ్డముగా, రేకు నడుమనుండి వెలుపలికి మెల్లగా జార్చినచో గరుకుగా తగులును. ఆ గరుకు మొదటినుండి కొనవరకు ఎడతెగక తగిలినప్పుడే ఆ ప్రక్క పూర్తియైనట్లు. ఎక్కడ తెగినదో అక్కడ అంచు ఇంకను కలియలేదు. క్రొత్తవారు ఇక్కడనే మోసపోవుదురు. ఈ పొర ముంజేతి వెంట్రుకలను గూడ గొరుగును. అది చూచి సంతసించి అమ్మును పొదిలో నుంచుకొని పోవుదురు. చర్మమును తాకినంతనే పొర ముడుచుకొనిపోయి దాని క్రింది మొద్దుతనము బయటపడును. కాబట్టి పొరను లేపుట సగము పని. దానిని తొలగించుట తక్కిన సగము. ఇటు నాలుగు, అటు నాలుగు, పిమ్మట ఇటు రెండు, అటు రెండు, తుదకు ఒక్కొక్కటి చొప్పున, చేతి ఒత్తిడిని తగ్గించుచు తగ్గించుచు, ములికి బరువు మాత్రమే రాతిపై నుండునంతటి మృదుత్వమునకు దిగిరావలెను. తొందర గలవాని చేతికి ఈ దిగుట చేతకాదు.

ఆకురాయి పెట్టిన గీతలను మాన్పుటకు సానరాయి. దానియందు పలు జాతులున్నను పేరెన్నిక గన్నది అర్కన్సా రాష్ట్రపు వాషిటా కొండలలో దొరకు నొవాక్యులైట్ అను తెల్లని సన్నరేణువుల శిల. తెల్లవారు ఆ కొండలు ఎక్కకముందే ఆదివాసులు అదే శిలను తవ్వి, పెచ్చులు రాల్చి, తమ ఆయుధములకు మొనలు చేసికొనియుండిరి. నాడు తానే మొనయైన రాయి నేడు ఉక్కుమొనకు పరిచారిక యైనది. దానిపై పలుచని నూనె వేసి నూరిన పిమ్మట తోలుపట్టీ వచ్చును. మన క్షురకులు మంగలికత్తిని తోలుపై ఇటునటు త్రిప్పినట్లే, వీరును వాదరను వెనుకకు లాగుచు, ఎన్నడును ముందుకు త్రోయక, క్రోమియం ఆక్సైడ్ అను పచ్చని పొడి అద్దిన తోలుపై ములికిని నడపుదురు.

పరీక్షలు పలువిధములు. వార్తాపత్రిక కాగితమును కోయుట, గోటిపై ఆనించి జారునేమో చూచుట, ముంజేతి రోమములను గొరుగుట. నాకు వీనియన్నిటిలో రబ్బరుపట్టీ పరీక్షయే న్యాయమైనదిగా తోచుచున్నది. పట్టీని రెండు వ్రేళ్ళ నడుమ వదులుగా నిలిపి ములికిని దానిమీద తేలికగా ఆనింతురు. బిగువుగా లాగినచో మొద్దుకత్తియు తెంపును గనుక వదులుగానే యుండవలెను. మొద్దు అంచు ముందు పట్టీ వంగి సాగి తప్పించుకొనును. పదునైన అంచు తాకినచోటనే అది తెగును. సజీవ దేహములోని రక్తనాళము చేయునదియు ఇంచుమించు ఇదియే గదా.

మూడు రేకుల ములికి సంగతి వేరు; అందొక రేఖాగణిత సౌలభ్యమున్నది. మూడు రేకులును ఒకదానికొకటి 120 డిగ్రీల ఎడముతో నిలిచియుండుటచేత, ములికిని రాతిపై పరుండబెట్టినచో రెండు రేకుల అంచులు ఒకేమారు రాతిని తాకును. కోణమును చేయి వెదకనక్కరలేదు, ఆకారమే నిర్ణయించును. ఒక్కొక్క అంచు ఇరుప్రక్కల 30 డిగ్రీల చొప్పున అరగి, మొత్తము 60 డిగ్రీల వాదర తేలును. ఆకురాయిని బల్లపై పరచి, అమ్ము పట్టుకొని ముందుకు త్రోసి, మూడవవంతు త్రిప్పి మరల త్రోయుట తప్ప నేర్వవలసినది లేదు. సులభమగుట నిజమే గాని 60 డిగ్రీలు దొడ్డు కోణము. నేర్పరి రెండు రేకుల ములికిపై సాధించు సన్నదనము దీనికి రాదు. దీనికి ఎదుటి కొసన ఒంటివాలు ములికి నిలిచినది. ఒక ప్రక్క మాత్రమే వాలు ఉండుటచేత దేహములో దూరుచున్నప్పుడు అది మెలికతిరుగును. ఆ మెలిక అమ్ము ఈకల వలన కలుగు భ్రమణముతో ఒకే దిక్కున సాగునట్లు కుడివాలునకు కుడిరెక్క ఈకలను, ఎడమవాలునకు ఎడమరెక్క ఈకలను కూర్చుదురు. 1980లలో దక్షిణాఫ్రికాలోని నాటాల్ ప్రాంతమున ఎడ్ ఆష్బీ ములుకులపై జరిపిన ప్రయోగముల తరువాత ఈ ఒంటివాలు జాతికి ఆదరము పెరిగినది.

విలుకాండ్రలో ఎడతెగని వివాద మొకటి కలదు. వాదర అద్దమువలె నునుపుగా నుండవలెనా, ఆకురాయి విడిచిన సూక్ష్మమైన రంపపు పళ్ళతో నుండవలెనా? ఫ్రెడ్ బేర్ తరమువారు చాలమంది ఆకురాయితోనే పని ముగించెడివారు. ఆ పళ్ళు నాళములను పట్టి కోయునని వారి వాదము. పళ్ళు చింపునే గాని కోయవనియు, చింపిన గాయము త్వరగా గడ్డకట్టుననియు రెండవ పక్షము. నేను రెండవవారి వైపే మొగ్గుదును. కాని ఒక మాట ఒప్పుకొనవలెను: ఓపిక గలవాడు ఆకురాయితో ముగించిన అంచు, ఓపిక లేనివాడు తోలుపట్టీపై మెరుగు పెట్టిన మొద్దు అంచుకంటె వేయిమడుగులు మేలు. మెరుపు చూచి మోసపోవుట సులభము.

విద్యుత్తుతో తిరుగు సానచక్రము ఉండగా ఇంత శ్రమ యేల యని అడుగవచ్చును. చక్రపు రాపిడిచే పలుచని అంచు నిమిషములో వేడెక్కును; ఉక్కు మొదట గడ్డిరంగు తిరిగి, 300 డిగ్రీల సెల్సియస్ ప్రాంతమున నీలమగును; ఆ నీలిరంగు కనబడినచోట కమ్మరి పెట్టిన గట్టిదనము చాలవరకు పోయినట్లే. చేతిపనిలో అంత వేడి పుట్టదు. ఇక మార్చుకొను రేకుల మాట: అవి మిల్లీమీటరునకు లోపు మందము గల క్షురపురేకులు; పెట్టెనుండి తీసినప్పుడు వాని పదునునకు వంక పెట్టలేము గాని, ఎముకపై అవి వంగుటయు విరుగుటయు కద్దు. నూరి వాడుకొను ములికి ఒకే ముద్దగా గట్టిదైన ఉక్కుది. బలహీనమైన విల్లునుండి వెడలి ప్రక్కటెముకను దాటవలసినది. గట్టిదనము కావలెననువాడు నూరుడును నెత్తిన వేసికొనక తప్పదు.

ఇదంతయు చదువుచున్న తెలుగు పాఠకునికి జీవహింసకు ఇంత శాస్త్రమేల యను శంక పుట్టుట సహజము. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, 1991లో దానికి వచ్చిన సవరణయు వేటను దాదాపుగా నిషేధించినవి. నల్లమలలో చెంచుల వెదురువిల్లునకు, ఇనుపములికికి చాలకాలముగా స్థానముండెను. ఆ విల్లు చట్టము ముందు ఇప్పుడు ఇంచుమించు ఇంటిగోడకు తగిలించు వస్తువైనది. అమెరికాలో అదే 1972లో శాసనసభ మరియొక దారి త్రొక్కి, తుపాకుల అమ్మకముపై 1937 నుండి వసూలగుచున్న వన్యప్రాణి పన్నును విండ్లకును అమ్ములకును విస్తరింపజేసెను. తోడేళ్ళు తరిగి జింకలు పెరిగిన అడవులలో వేటగాడే సంరక్షణకు సొమ్ము కట్టువాడాయెను. ఏది మేలు దారి యని తీర్పు చెప్పు పూనిక నాకు లేదు. చంపుట తప్పదని నిశ్చయించుకొన్నవాడు ఆ చావు ఎంత వేగముగా రావలెనో గూర్చి ఇంత పాటుపడుటను మాత్రము నేను తక్కువ చేయజాలను.

అడవిలో వాదరకు శత్రువులు మూడు: తేమ, ఇసుక, ఇరుగుపొరుగు ములుకులు. మామూలు ఉక్కు ఒక్కరాత్రి మంచులో త్రుప్పు తాకును గనుక పలుచగా వాసెలీనో తేనెమైనమో పూయుదురు. వీపున కట్టుకొను పాతకాలపు అమ్ములపొదిలో నడకకు ములుకులు ఒకదానితో నొకటి రాచుకొని మొద్దుపడును గనుక, అడుగున మెత్త పరచి, కొనలు ఎడమెడముగా నిలుచునట్లు సర్దుదురు. కొందరు చిన్న ఆకురాయి ముక్కను జేబులోనే యుంచుకొని, చెట్టుమీది మంచె యెక్కుటకు ముందు రెండు మార్లు తాకింతురు. గురి తప్పి మట్టిలో దిగిన అమ్మును తుడిచి పొదిలో పెట్టుకొనువాడు నవ్వులపాలగును. ఇసుకరేణువు ఉక్కుకంటె గట్టిది, ఒక్కమారు దూరినను సిరా పూయుటనుండి పని మరల మొదలు.

ఇట్లు ఏటేట నూరుచుండగా ములికి అరగుచు సన్నబడుచుండును. మంచి ఉక్కుది, చేతికి అలవాటు పడినది, వేటలో మాట నిలుపుకొన్నది ఒక్కొక్కటి ఏండ్ల తరబడి నడచును. ఒకనాడు కొలబద్ద పెట్టి చూడగా వెడల్పు అంగుళములో ఎనిమిదింట ఏడు పాళ్ళకు వెంట్రుకవాసి తగ్గియుండును. అప్పుడు దానిని వేటకు కొనిపోవుటకు విస్కాన్సిన్ నిబంధన ఒప్పదు. విలుకాడు జిగురును వేడిచేసి దానిని ఊడదీసి, కుళ్ళిన మొద్దులపై గురి నేర్చుకొను అమ్మునకు తొడిగి, పెట్టెలోనుండి వాదర లేని క్రొత్తదానిని తీసి, ఆకురాయికి సుద్ద రాయ మొదలిడును.